మార్గరెట్ రివర్ వైట్ వైన్: మన వంటకి ఏ సీసా, విడిగా తాగడానికి ఏ సీసా

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళకి ఇండియా నుంచి చుట్టాలు వస్తే, మూడో రోజో నాలుగో రోజో కారు దక్షిణాన మార్గరెట్ రివర్ దారి పడుతుంది. బసెల్టన్ జెట్టీ మీద నడవాలి, గుహల్లోకి దిగాలి, అగస్టా దగ్గర లీవిన్ లైట్‌హౌస్ చూడాలి, మధ్యలో ఒకటో రెండో వైనరీల దగ్గర ఆగాలి. ఆగుతాం, రుచి చూస్తాం, తీరా కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి "ఇంతకీ ఏది తీసుకుందాం?" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. అప్పుడు ఎక్కువమంది అక్కడ అన్నిటికన్నా పేరున్న షార్డొనే అనే తెల్ల ద్రాక్ష వైన్ ఒకటి కొంటారు, ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో మంచులా చల్లబరుస్తారు, రాత్రికి కారం దట్టించిన కోడివేపుడు పక్కన పెట్టుకుని తాగుతారు, "ఇంత డబ్బు పోసి కొంటే చేదుగా మంటగా ఉందేంటి" అంటారు. నేనూ మొదటిసారి అలాగే చేశాను. ఆ తర్వాత చాలా ఇళ్ళలో ఇదే వరస చూశాను కాబట్టి, ఈసారి వెళ్ళేవాళ్ళకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఇంట్లో మన వంటతో తాగాలంటే సావిన్యాన్ బ్లాంక్, సెమియాన్ అనే రెండు తెల్ల ద్రాక్షలు కలిపి చేసిన వైన్ కొనండి. షార్డొనే మీద మనసుంటే దానికి విడిగా ఒక సాయంత్రం ఇవ్వగలిగినప్పుడే కొనండి, కారం లేని తిండితో. వైన్ ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్ళు ఇంట్లో ఉంటే షెనిన్ బ్లాంక్ అనే ఇంకో తెల్ల రకం కోసం అడగండి. ఎందుకో తెలియాలంటే ఆ ఊరి సంగతి కాస్త తెలియాలి.

సముద్రం వల్ల ఏమవుతుంది

మార్గరెట్ రివర్ పెర్త్‌కి దక్షిణంగా దాదాపు 270 కిలోమీటర్లు, మూడు గంటల డ్రైవ్. ఉత్తరాన కేప్ నాచురలిస్ట్, దక్షిణాన కేప్ లీవిన్, ఈ రెండు కొనల మధ్య సుమారు 100 కిలోమీటర్ల పొడవున్న నేల. మూడు వైపులా సముద్రమే. వానలన్నీ దాదాపు చలికాలంలోనే పడిపోతాయి, కాయ పండే జనవరి నుంచి మార్చి దాకా పొడిగా ఉంటుంది, ఎండ బాగా కాస్తుంది, కానీ మధ్యాహ్నం దాటేసరికి సముద్రం మీద నుంచి గాలి వచ్చి ఆ వేడిని లాగేస్తుంది. అందుకని ద్రాక్ష పూర్తిగా పండుతుంది, అయినా పులుపు పోదు. మామిడికాయ దోరగా ఉన్నప్పుడు తీపి వచ్చి పులుపు ఇంకా మిగిలి ఉండే ఆ రెండు మూడు రోజులు మనకి తెలుసు కదా, ఆ స్థితి ఇక్కడ ద్రాక్షకి వారాల తరబడి దొరుకుతుంది. ఇక్కడి వైట్ వైన్ల మంచితనమంతా ఆ పులుపులోనే ఉంది. రుచి చూసేటప్పుడు మీరు ముందు వెతకాల్సింది కూడా అదే.

ఇక్కడ ద్రాక్ష మొదలై ఎంతో కాలం కాలేదు. జాన్ గ్లాడ్‌స్టోన్స్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త 1965, 66లలో ఈ వాతావరణం మంచి వైన్‌కి సరిగ్గా సరిపోతుందని రాశారు. అది చదివినవాళ్ళలో టామ్ కలిటీ అనే గుండె డాక్టరు 1967లో వాస్ ఫెలిక్స్ మొదలుపెట్టారు. మాస్ వుడ్ 1969లో, కేప్ మెంటెల్ 1970లో, కల్లెన్ 1971లో వచ్చాయి. మొదట్లో నాటినవాళ్ళలో డాక్టర్లు ఎంతమందో! అప్పట్లో అందరి కళ్ళూ కాబెర్నే సావిన్యాన్ అనే ఎర్ర రకం మీదే ఉండేవి, వైట్ వైన్‌కి పేరొచ్చింది తర్వాతే. లీవిన్ ఎస్టేట్ వాళ్ళ ఆర్ట్ సిరీస్ షార్డొనే మొదటి పంట 1980ది. ఆ తర్వాతి ఏడాది వైన్‌ని బ్రిటన్ పత్రిక డికాంటర్ మెచ్చుకోవడంతో ఈ ఊరి పేరు బయటి దేశాలకి పాకింది.

యాలింగప్, విల్యాబ్రప్, కవారమప్ అని బోర్డుల మీద కనిపించే పేర్లలో చివరి "అప్" ఇక్కడి ఆదివాసులైన నూంగర్ జనం భాషలో చోటు అనే అర్థం ఇస్తుంది, మన పల్లి, వాడ లాగా. ఉత్తరాన యాలింగప్ వైపు కాస్త వెచ్చన, దక్షిణాన కారిడేల్ వైపు చల్లన. సీసా మీద ఈ పేర్లు కనిపిస్తే అంతవరకు గుర్తుపెట్టుకోండి చాలు: దక్షిణం పేరు ఉంటే వైన్ సన్నగా, పుల్లగా ఉండే అవకాశం ఎక్కువ, ఉత్తరం పేరు ఉంటే కాస్త నిండుగా ఉంటుంది.

మన వంటకి: సావిన్యాన్ సెమియాన్ జోడీ

ఫ్రాన్స్‌లో బోర్డో వాళ్ళు ఎప్పటినుంచో ఈ రెండు రకాలనీ కలుపుతారు, మార్గరెట్ రివర్ వాళ్ళు దాన్ని తమ సొంతం చేసుకున్నారు. లేబుల్ మీద సెమియాన్ ముందుంటే అది ఎక్కువ కలిసినట్టు, సావిన్యాన్ ముందుంటే అది ఎక్కువ. కౌంటర్ దగ్గర వాళ్ళు ఎస్‌ఎస్‌బీ, ఎస్‌బీఎస్ అని పొడి అక్షరాల్లో అనేస్తారు, కంగారు పడకండి, రెండూ ఒకే జోడీ.

ఈ వైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే ఏముంటుందో చెప్తాను. మొదట పచ్చిదనం. చిక్కుడుకాయ ఈనె తీస్తే వేళ్ళకి అంటుకునే వాసన, క్యాప్సికమ్ మధ్యకి కోసినప్పుడు వచ్చే వాసన, అదే. ఇది మన ఊహ కాదు, క్యాప్సికమ్‌కి ఆ వాసన ఇచ్చే పిరాజీన్లనే పదార్థాలే ఈ రెండు ద్రాక్షల్లోనూ ఉన్నాయి. దాని వెనక నిమ్మతొక్క, దోర జామకాయ, ప్యాషన్‌ఫ్రూట్. నోట్లోకి తీసుకుంటే పులుపు నాలుక పక్కల్ని పట్టుకుంటుంది, దవడల దగ్గర నీళ్ళు ఊరతాయి. సావిన్యాన్ ఒక్కటే అయితే ఆ ఘాటు ముక్కుకి తగిలి అక్కడితో అయిపోయేది, సెమియాన్ కలిసింది కాబట్టి నోట్లో కాస్త బరువు, మధ్యలో నిమ్మరసంలాంటి ఒక గట్టిదనం ఉంటుంది. పార్టీల్లో న్యూజిలాండ్ మార్ల్‌బరో సావిన్యాన్ తాగి "వాసన మరీ ఎక్కువ" అనుకున్నవాళ్ళకి ఇది నచ్చే అవకాశం చాలా ఉంది. వాసన అంత పైకి ఎగదన్నదు, రుచి ఇంకాస్త సేపు నిలుస్తుంది.

మన వంటకి ఇది ఎందుకంటే, మన కూరల్లో పులుపు ఉంది. చింతపండు వేసిన చేపల పులుసు తిని పులుపు తక్కువున్న వైన్ తాగితే ఆ వైన్ నీళ్ళలా అయిపోతుంది. కూరకి ఉన్నంత పులుపు వైన్‌కీ ఉండాలి. ఈ జోడీకి ఉంటుంది. పైగా చాలావరకు స్టీల్ ట్యాంకుల్లోనే చేస్తారు కాబట్టి చెక్క వాసన, చెక్క చేదు ఉండవు, కారంతో గొడవ పడదు. కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి ఎక్కువ పడిన వేపుళ్ళ పక్కన దాని పచ్చిదనం సహజంగా కలిసిపోతుంది. నిమ్మకాయ పిండిన రొయ్యల వేపుడుతో ఒకసారి ప్రయత్నించండి, నాకు ఈ వైన్‌తో అంతకన్నా బాగా కుదిరిన వంట కనబడలేదు.

డబ్బు సంగతికొస్తే ఇవి చాలావరకు 20, 30 డాలర్ల మధ్య దొరుకుతాయి. కేప్ మెంటెల్ వాళ్ళది ఎప్పటినుంచో ఉన్నది. వాస్ ఫెలిక్స్ క్లాసిక్ డ్రై వైట్ కూడా ఇదే జోడీ, తేలిగ్గా ఉంటుంది. పియెరో వాళ్ళ ఎల్‌టీసీలో ఈ రెండింటికి కొంచెం షార్డొనే కూడా కలుస్తుంది, అందుకే ఇంకాస్త నిండుగా ఉంటుంది, ధర కూడా ఎక్కువే. నన్నడిగితే మొదటి రెండింటిలో ఏదైనా సరే. ఒకటి రెండేళ్ళలో తాగేయండి, అటక మీద దాచుకునే రకం కాదు. కొన్నిచోట్ల ఈ జోడీనే చెక్క పీపాల్లో పెట్టి ఖరీదైనదిగా అమ్ముతారు, అది వేరే వస్తువు, బాగుంటుంది గానీ మన కారానికి కొనొద్దు. "పీపాలో పెట్టారా?" అని కౌంటర్ దగ్గర ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది.

విడిగా ఒక సాయంత్రానికి: షార్డొనే

ఇక్కడి షార్డొనేలో ఎక్కువ భాగం జింజిన్ అనే ఒక ప్రత్యేకమైన మొక్క రకం నుంచి వస్తుంది. పెర్త్‌కి ఉత్తరాన ఉన్న ఊరి పేరే అది. ఈ మొక్కకి గుత్తులో కాయలన్నీ ఒక్కలా పెరగవు. కొన్ని పెద్దవి, వాటి మధ్య శనగ గింజంత చిన్నవి. ఇక్కడివాళ్ళు దాన్ని కోడీ పిల్లలూ అంటారు. వసంతంలో పూత సమయంలో సముద్రపు గాలి గట్టిగా కొడితే పిందె సరిగ్గా పట్టక ఇది ఇంకా ఎక్కువవుతుంది. పంట తగ్గుతుంది, రైతుకి నష్టమే. కానీ చిన్న కాయలో రసం తక్కువ, తొక్క ఎక్కువ, పులుపు ఎక్కువ, కాబట్టి ఆ గుత్తిని పిండితే వచ్చే రసం చిక్కగా, గట్టిగా ఉంటుంది. మీకు పిక్కింగ్ టైమ్‌లో వెళ్ళే అవకాశం దొరికి, తోటలోకి రానిస్తే, ఒక్క గుత్తి చేతిలోకి తీసుకుని చూడండి. ఆ వైన్ అంత ఒత్తుగా ఎందుకుంటుందో కంటికే తెలిసిపోతుంది.

ఆ రసాన్ని ఫ్రెంచ్ ఓక్ పీపాల్లో పులియబెట్టి నెలల తరబడి అందులోనే ఉంచుతారు. ఇక్కడ ఒక్క సంగతి అర్థం చేసుకుంటే షార్డొనేలు ఎంచుకోవడం సులువు. ద్రాక్షలో పచ్చి యాపిల్‌లో ఉండే మాలిక్ యాసిడ్ ఉంటుంది. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని పాలలో, పెరుగులో ఉండే లాక్టిక్ యాసిడ్‌గా మారుస్తాయి, ఆ దారిలోనే వెన్న వాసన వచ్చే పదార్థం కూడా పుడుతుంది. మాలో అని పొట్టిగా పిలుస్తారు దీన్ని. అది పూర్తిగా జరగనిస్తే వైన్ మెత్తబడి వెన్న కాచినట్టు ఉంటుంది, ఆపేస్తే పదునుగా, నిమ్మ, పంపరపనస తొక్క రుచితో ఉంటుంది. మార్గరెట్ రివర్‌లో చాలామంది దాన్ని పూర్తిగానో సగంగానో ఆపేస్తారు. అందుకే కౌంటర్ దగ్గర రెండే రెండు ప్రశ్నలు అడగమంటాను: మాలో జరిగిందా, కొత్త పీపాలు ఎన్ని వాడారు? "జరిగింది, కొత్తవి ఎక్కువ" అంటే వెన్న, వేయించిన జీడిపప్పు, కొబ్బరి వైపు. "ఆపేశాం, పాతవే ఎక్కువ" అంటే నిమ్మ, రాయి, ఉప్పు వైపు. ఏది మంచిదంటే, ఎప్పుడూ షార్డొనే తాగనివాళ్ళకి మొదటిదే దగ్గరగా అనిపిస్తుంది, నాకు మాత్రం రెండో రకం మీదే ఇష్టం, పులుపు కోసమే అంత దూరం వెళ్ళాం కదా.

కొన్ని షార్డొనేల్లో మూత తీయగానే అగ్గిపుల్ల గీసిన వాసన వస్తుంది. వైన్ పాడైందేమో అని టెన్షన్ పడకండి. తయారీలో గంధకం కలిసిన కొన్ని పదార్థాలు మిగలడం వల్ల వచ్చేది, కొందరు కావాలనే ఉంచుతారు. గ్లాసులో పోసి పది నిమిషాలు తిప్పుతూ ఉంటే తగ్గి, కింద ఉన్న పండు బయటికొస్తుంది. తగ్గకుండా కుళ్ళిన కోడిగుడ్డు వాసనే వస్తుంటే మాత్రం మొహమాటం లేకుండా వేరే సీసా అడగండి.

ఇప్పుడు నా మొదటి షార్డొనే సంగతి. ఆ రోజు రాత్రి కోడివేపుడుతో తాగి సగం సీసా వదిలేశాం. చెక్క చేదు తగిలింది, ఆల్కహాలు కారాన్ని రెచ్చగొట్టింది, పండు రుచి ఎక్కడా లేదు. మర్నాడు సాయంత్రం వంట చేస్తూ ఆ సగం సీసా ఫ్రిజ్‌లోంచి తీసి పొయ్యి పక్క గట్టు మీద పెట్టి మర్చిపోయాను. అరగంట పైనే అయింది. ఆ పూట పిల్లల కోసం రొయ్యల్ని కొబ్బరి పాలలో కారం లేకుండా వండాం, కాస్త మిరియం, కాస్త పసుపు, అంతే. గట్టు మీద సీసా చూసి గ్లాసులో కొద్దిగా పోసుకున్నాను. నిన్నటి వైన్ అంటే నమ్మకం కుదరలేదు. ముందు నిమ్మ, వెనకే తెల్ల పీచ్ పండు, ఆ తర్వాత నెయ్యిలో వేగుతున్న జీడిపప్పు, మింగాక కూడా నాలుక మీద ఉప్పులాంటి ఒక చిన్న కొస మిగిలి ఉంది, అది పోయేదాకా ఎవరూ మాట్లాడలేదు. వైన్ అదే, సీసా అదే. మారింది చల్లదనం, కంచంలో తిండి, గాలి తగలడానికి దొరికిన ఒక రోజు.

అందుకని షార్డొనే కొంటే ఫ్రిజ్‌లోంచి తీసి కనీసం 20 నిమిషాలు బయట పెట్టండి. 10 నుంచి 13 డిగ్రీల మధ్య దానికి సరైన చల్లదనం, ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ చలిలో వాసనలు లేవవు, పులుపు చేదు మాత్రమే తెలుస్తాయి. సావిన్యాన్ సెమియాన్ జోడీకి 7, 8 డిగ్రీలు పర్వాలేదు. తిండి విషయంలో కొబ్బరి పాలు, జీడిపప్పు గ్రేవీ, నెయ్యి, కాల్చిన చేప, వెన్నతో చేసిన చికెన్, ఇవి దానికి నప్పుతాయి. మసాలా తక్కువ వేసిన కొబ్బరి అన్నం కూడా బాగుంటుంది. ఎండుమిర్చి, ఆవపిండి, గోంగూర జోలికి వెళ్ళొద్దు.

ధరలు 30 డాలర్ల దగ్గర మొదలై, ఆర్ట్ సిరీస్, వాస్ ఫెలిక్స్ హేట్స్‌బరీ, కల్లెన్ కెవిన్ జాన్ లాంటివి వంద దాటిపోతాయి. అవి మంచివి కావని ఎవరూ అనరు, పదేళ్ళు దాచుకున్నా నిలబడతాయి. కానీ మొదటి సీసాగా వద్దు. అదే తయారీదారుల చిన్న సీసాలు, అంటే తక్కువ ధరవి, ఉంటాయి, లీవిన్ ఎస్టేట్‌లో ఆర్ట్ సిరీస్ పక్కనే ప్రెల్యూడ్ ఉన్నట్టు. రుచి చూసే చోట ఆ రెండూ పక్కపక్కన పోయమని అడగండి. తేడా మీకు తెలిస్తే, ఆ తేడాకి అంత డబ్బు పెట్టాలనిపిస్తే, అప్పుడు పెద్దది కొనండి. తేడా తెలియకపోతే చిన్నదే మీకు సరైనది, అందులో సిగ్గుపడేదేమీ లేదు.

మిగిలిన రెండు

ఒంటరి సెమియాన్ గురించి రెండు మాటలే. సిడ్నీ వైపు హంటర్ వ్యాలీ సెమియాన్ తాగినవాళ్ళు ఇదీ అలాగే ఉంటుందనుకుంటారు, ఉండదు. అక్కడ కాయ తొందరగా కోసేస్తారు, ఆల్కహాలు 10, 11 శాతం దగ్గరే ఉంటుంది, చిన్నప్పుడు నిమ్మరసంలా ఉండి పదేళ్ళకి కాల్చిన రొట్టె, తేనె వాసనలు తెచ్చుకుంటుంది. ఇక్కడిది ఎక్కువ పండుతుంది, పచ్చిక వాసన, బరువు ఎక్కువ. మాస్ వుడ్ వాళ్ళది దీనికి మంచి ఉదాహరణ. ఇష్టపడేవాళ్ళు బాగా ఇష్టపడతారు, మొదటిసారి వెళ్ళేవాళ్ళు రుచి చూసి వదిలేసినా నష్టం లేదు.

షెనిన్ బ్లాంక్ మాత్రం వదలొద్దు. పశ్చిమ ఆస్ట్రేలియాకి ఇది కొత్త కాదు, పెర్త్ పక్కనే ఉన్న స్వాన్ వ్యాలీలో జాక్ మాన్ 1937లో మొదటిసారి చేసిన హౌటన్ వైట్ బర్గండీ అనే వైన్‌కి ఆధారం ఈ ద్రాక్షే. ఇండియాలో నాసిక్ వైన్ తాగినవాళ్ళకి కూడా ఈ పేరు పరిచయమే, అక్కడ ఎక్కువగా వేసే తెల్ల రకాల్లో ఇదొకటి. యాపిల్, పియర్, కాస్త తేనె, కొన్ని సీసాల్లో పుచ్చకాయ. వైన్‌లో కొంచెం తీపి మిగిల్చే వాళ్ళున్నారు, పూర్తిగా పొడిగా, అంటే తీపి లేకుండా, చేసేవాళ్ళున్నారు, అడిగి తీసుకోండి. కారానికి తీపి మందు, ఆవకాయ తర్వాత పెరుగన్నంలో బెల్లం ముక్క నంజుకునేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. వైన్ అలవాటు లేని అత్తగారో, పెదనాన్నగారో "ఒక్క గుక్క చూస్తాను" అంటే నేను పోసేది ఆ కొంచెం తీపి ఉన్న షెనినే. ఇంట్లో గుంటూరు కారంతో వండే అలవాటు ఉంటే మన జోడీ వైన్ కన్నా కూడా ఇదే సుఖం.

రీస్లింగ్ అనే మరో తెల్ల రకం కావాలని మార్గరెట్ రివర్ అంతా తిరిగేవాళ్ళని చూశాను. అది ఇంకా తూర్పున, గ్రేట్ సదరన్ ప్రాంతంలో, మౌంట్ బార్కర్, ఫ్రాంక్లాండ్ వైపు బాగా పండుతుంది. దానికోసం వేరే ట్రిప్ వేసుకోవాలి.

కౌంటర్ దగ్గర

వైనరీల్లో రుచి చూపించే గదిని సెల్లార్ డోర్ అంటారు. చాలాచోట్ల రుచికి రుసుము ఉంటుంది, సీసా కొంటే కొన్నిచోట్ల ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తారు. మనిషికి ఒక్కో వైన్ 20, 30 మిల్లీలీటర్లు పోస్తారు. తక్కువే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి: 13 శాతం వైన్ 100 మిల్లీలీటర్లు అంటే ఇక్కడి లెక్కలో దాదాపు ఒక స్టాండర్డ్ డ్రింక్, 10 గ్రాముల ఆల్కహాలు. ఆరు రకాలు 30 చొప్పున తాగితే 180 మిల్లీలీటర్లు, రెండు వైనరీలు తిరిగితే మూడున్నర డ్రింకులు దాటాయి. రక్తంలో ఆల్కహాలు 0.05 శాతం దాటి బండి నడిపితే నేరం, ప్రొవిజనల్ లైసెన్సు ఉన్నవాళ్ళకి సున్నా. పెర్త్‌కి కొత్తగా వచ్చిన మన పిల్లల్లో చాలామంది పీ ప్లేట్, అంటే ఆ ప్రొవిజనల్ లైసెన్సు మీదే ఉంటారు, వాళ్ళని "ఒక్క గుక్కేలే" అని బలవంతం చేయకండి. డ్రైవర్ ఎవరో పొద్దున్నే తేల్చుకోండి, లేదా ఆ ఊళ్ళో తిప్పే టూర్ బస్సు ఎక్కండి. ఉమ్మడానికి గిన్నె పెడతారు, అందులో ఉమ్మితే అమర్యాద కాదు, రోజంతా రుచి చూసేవాళ్ళు చేసే పనే అది.

వెళ్ళే ముందు సెంటు కొట్టుకోకండి, నోట్లో సోంపు, వక్కపొడి వేసుకోకండి. మీకే కాదు, పక్కన నిల్చున్నవాళ్ళకి కూడా వాసనలు తెలియవు. తేలికవి ముందు, పీపా వైన్లు తర్వాత, తీపివి చివర. ఒక్క చోట నాలుగు రకాలకి మించి పోయించుకోవద్దనే నేను చెప్తాను, ఆ తర్వాత నాలుకకి ఏదీ గుర్తుండదు. ప్రతి గ్లాసు దగ్గరా మీకు ఇంట్లో తెలిసిన వాసన ఒక్కటి ఫోన్‌లో రాసుకోండి, నిమ్మాకు, జామ, కాచిన వెన్న, అగ్గిపుల్ల, ఏదైనా సరే. సాయంత్రం ఏది కొనాలో తేల్చేది ఆ మాటే, కౌంటర్ మీద కాగితంలో ఉన్న వర్ణన మీకు పని చేయదు.

ఎప్పుడు వెళ్ళాలంటే, ఫిబ్రవరిలో తెల్ల ద్రాక్ష కోత జోరుగా సాగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, మనుషులు మాత్రం పనిలో ఉంటారు, మీతో మాట్లాడే తీరిక ఉండదు. తోటల మీద తెల్లటి వలలు కప్పి కనిపిస్తాయి. అవి సిల్వర్‌ఐ అనే చిన్న పిట్టలు కాయ తినకుండా. ఇక్కడి అడవుల్లో మర్రి అనే చెట్టు ఉంది, మన మర్రి కాదు, నీలగిరి చెట్టుకి దగ్గరి చుట్టం, వేసవిలో తెల్లగా పూస్తుంది. అది బాగా పూసిన ఏడు పిట్టలు ఆ తేనె తాగి ద్రాక్ష జోలికి రావు, పూయని ఏడు తోటల మీద పడతాయి. పాత తోటమాలిని పలకరించాలంటే "ఈ ఏడు మర్రి పూసిందా?" అని అడిగి చూడండి. మన భాషలో మాట అడిగినట్టే ఉంటుంది, ఆయన పావుగంట ఆగకుండా మాట్లాడతారు. తీరిగ్గా మాట్లాడి రుచి చూడాలంటే మే నుంచి ఆగస్టు మధ్య, శని ఆదివారాలు కాని రోజుల్లో వెళ్ళండి. వాన పడుతుంటుంది, గదిలో పొయ్యి వెలిగించి ఉంటుంది, ఒక్కో వైన్ గురించి వాళ్ళే ఓపిగ్గా చెప్తారు.

కొన్నాక

వేసవిలో కొన్న సీసాలు కారు డిక్కీలో పెట్టి బీచ్‌కి వెళ్ళిపోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం. మూసి ఉన్న కారు లోపల ఎండకి ఎంత కాగుతుందో తెలిసిందే, ఒక్క మధ్యాహ్నం చాలు, పండు వాసన పోయి ఉడికించిన యాపిల్ వాసన మిగులుతుంది. మా స్నేహితుల రెండు సీసాలు అలాగే పోయాయి. ఐస్ బాక్స్ ఒకటి తీసుకెళ్ళండి, లేదా తిరుగు ప్రయాణంలో చివరిగా ఆగే చోటే కొనండి.

ఇండియాకి తీసుకెళ్ళాలంటే ఒక్కొక్కరికి 2 లీటర్ల దాకా సుంకం ఉండదు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఇక్కడి వైట్ వైన్లకి దాదాపు అన్నిటికీ స్క్రూ మూతే, బిరడా కారుతుందన్న భయం లేదు, బట్టల మధ్య చుట్టి సూట్‌కేస్‌లో పెట్టేయొచ్చు. అక్కడ షాపులో కొందామనుకునేవాళ్ళకి కూడా కొంత మేలు జరిగింది. ఇండియా, ఆస్ట్రేలియా ఒప్పందం 2022 డిసెంబర్ 29 నుంచి అమల్లోకి వచ్చాక ఖరీదైన సీసాల మీద దిగుమతి సుంకం 150 శాతం నుంచి 75కి తగ్గింది, పదేళ్ళలో ఇంకా తగ్గుతుంది. అయినా రాష్ట్రాల పన్నులు కలిపితే అక్కడి ధర ఇక్కడి ధర ఒకటి కాదు, మోయగలిగితే మోసుకెళ్ళడమే మేలు.

మూడు సీసాలకి డబ్బుంటే నేనైతే ఇలా కొంటాను: జోడీ వైన్ రెండు, చిన్న షార్డొనే ఒకటి. జోడీలో ఒకటి ఆ వారమే చేపల పులుసు రోజున తీయండి, రెండోది చుట్టాలొచ్చినప్పటికి. షార్డొనే మాత్రం పిల్లలు పడుకున్నాక, పొయ్యి మీద కారం లేని రోజు తీసి, సగమే తాగి మూత బిగించి, మిగతా సగం మర్నాటికి ఉంచండి.